గట్టు మీది మూడో పాదం

షికాగో, ఫిబ్రవరి 27, 1996

ప్రియమైన అమ్మమ్మకు,

నువ్వు పంపిన పెకాన్ గింజల పాకం బిళ్లలు అందాయి. బ్యాండు వాళ్లు నాకు ఒక్కటి మిగిల్చారు.

మార్చి పదిహేనున మా రికార్డింగు. తాతమ్మ పాట పాడుతున్నా. చిక్కంతా మూడో పాదం దగ్గరే. మొదటిది రెండుసార్లు పాడతాం కదా:

"నీళ్లొచ్చి గడపెక్కె, నా మూటింకా కట్టలే."

తర్వాత అందరూ ఎజెల్ తాత రికార్డులో ఉన్నదే పాడతారు: "ఉత్తరాన బండి కూసె, చెప్పులైనా తొడగలే." నేనూ అదే పాడితే, బేసు వాయించే టాలివర్ బాబాయి, "టీచరమ్మ మనవరాలా, ఎజెల్ ముసలాడి కోటు నీకు భుజాల దగ్గర జారుతోందే" అన్నాడు. అందరూ నవ్వారు.

తాతమ్మ పాడిన అసలు పాదం నీకు తెలుసు. చెప్పు. ఆ పాటకి నేను పరాయిదాన్ని కానని నాకే ముందు తెలియాలి.

నీ వెర్నీస్

గ్రీన్‌విల్, మార్చి 2

ప్రియమైన చిరంజీవి వెర్నీస్‌కు,

ఆ పాదం నేను చెప్పను.

మా మేనమామ ఎజెల్ గిటారు తీగల మీద సీసా మెడను జార్చి ఆ పాట వాయిస్తుంటే, నీరు ఇంట్లోకి పాకుతున్నట్టే వినిపించేది. తరువాత రూబీ లాటిమోర్ అనే గాయని దానికి పియానో చేర్చింది. 'గడప' అన్న ఒక్క మాటను ఆమె ఎంతగా సాగదీసిందంటే, చేపలు వేయిస్తున్న మనిషి గరిటె ఎత్తి అలాగే నిలబడిపోయాడు. వారమంతా బడిలో పాఠాలు చెప్పి, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించే నేను ఆ పానశాల కిటికీ బయటే నిలబడి విన్నాను. అంతటి గానాన్ని మళ్లీ వినలేదు. ఆ ఇద్దరూ ఎవరి అనుమతీ అడగలేదు.

మీ అమ్మ పంపిన చేతికర్ర అందింది. టమాటా మొక్కకు ఊతంగా నాటాను. అవసరం దానికే ఉంది, నాకు కాదు.

ఆశీస్సులతో,
అర్డీలియా స్టాంప్స్

షికాగో, మార్చి 6

ప్రియమైన మొండి అమ్మమ్మకు,

వాళ్లు అడగలేదు, నేను అడిగాను. అదీ తప్పేనా? నువ్వు చెప్పకపోతే పదిహేనున ఆ జారే కోటే తొడుక్కుని పాడతాను. టాలివర్ బాబాయికి పండగే.

వెర్నీస్

గ్రీన్‌విల్, మార్చి 9

ప్రియమైన వెర్నీస్‌కు,

కోపంలో నీ అక్షరాలు చక్కగా కుదురుతాయి. విను.

ఇరవై ఏడులో వచ్చిన ఆ పెద్ద వరదకు మేము నది గట్టు మీద గుడారాలలో ఉన్నాం. నాకు తొమ్మిదేళ్లు. చీకటి పడగానే మా అమ్మ మొదటి పాదం రెండుసార్లు పాడి ఆగేది. మూడోది పక్క గుడారం నుంచి ఎవరో ఒకరు అందుకునేవారు, ఒక్కోరాత్రి ఒక్కోలా. ఒకరు ఏడిపించేవారు, ఒకరు నవ్వించేవారు. ఎజెల్ పాదం కూడా అలా ఒక రాత్రి పుట్టినదే.

అమ్మ తనంతట తానుగా మూడో పాదం ఎన్నడూ పాడలేదు. నీవడిగిన అసలు పాదం లేనే లేదు. ముందే చెబితే ఉన్నదేదో అరువు తెచ్చుకుని ఊరుకుంటావని చెప్పలేదు.

అందుకోవడం పెద్దల వంతు. పిల్లలం వినేవాళ్లం. నేను ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

అర్డీలియా

షికాగో, మార్చి 16

ప్రియమైన అమ్మమ్మకు,

నిన్న రెండుసార్లు పాడి ఆగిపోయాను. అందరూ తెల్లబోయారు. డ్రమ్ము మాత్రం నడుస్తోంది. అప్పుడు వెనకనుంచి, బేసు ఆపకుండానే, టాలివర్ బాబాయి అందుకున్నాడు:

"మూటలోకేముందిలే, ఉన్నదంతా ఒంటిమీదే."

నవ్వాపుకోలేక రెండో చరణం ఆలస్యంగా ఎత్తుకున్నా. అలాగే ఉంచేశాం. అయిపోయాక ఆయన, "ఇప్పుడు కోటు సరిపోయిందే పిల్లా, మీ తాతమ్మే కుట్టినట్టుంది" అన్నాడు.

క్యాసెట్ పంపుతున్నా. చివరి చరణంలో మూడో పాదం ఖాళీగా వదిలాం. అక్కడ ఎవరూ అందుకోలేదు. అందుకోవద్దని నేనే చెప్పాను.

నీ వెర్నీస్

గ్రీన్‌విల్, మార్చి 20

ప్రియమైన నా వెర్నీస్‌కు,

క్యాసెట్ విన్నాను. ఎజెల్ నీరు నీ గొంతులో ఉంది, రూబీ గడప ఉంది, అయినా అది నీ పాటే. మా అమ్మ విని ఉంటే అంట్లు తోమడం ఆపేది. ఆమె నుంచి అంతకు మించిన మెప్పు ఎవరికీ దక్కలేదు.

ఖాళీ వచ్చింది. మొదటిసారి దాన్ని పోనిచ్చాను. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. పక్కింటి చర్చి డీకన్ తన వరండాలోనే ఉన్నాడు. కిటికీ మూయలేదు.

"వచ్చిన నీరే పోవాలి గానీ, నేనెక్కడికీ పోను."

డీకన్ తన కుర్చీలోంచే, "ఆలస్యంగా అందుకున్నారు, టీచరమ్మా" అన్నాడు.

గట్టు మీద నుంచి,
మీ అమ్మమ్మ