కబోర్డుల మీద నోరెత్తని నలభై దినాలు

ఏప్రిల్ 13, ఆదివారం. పొద్దున ఆరు. ఒకటో దినం.

నేను చెప్తాండా, నా కోడలు నాజియా రాస్తాండాది. నాకు అచ్చరం ముక్క రాదు. రేపు ఎవరన్నా "మస్తానాబీ మాట తప్పింది" అంటే ఈ బుక్కు వాళ్ళ ముందర పెట్టాల. అందుకే ఇది.

సంగతి ఏమంటే, నా కొడుకు అతావుల్లా చైనా నుంచి వంటింటి కబోర్డులు తెప్పిస్తాండాడు. ఒకటి రెండు కాదు, అరవై ఇండ్లకు. బుక్కరాయసముద్రంలో కేశవ అనే కాంట్రాక్టరు కట్టే కొత్త ఇండ్లు అవి. రెడీమేడ్ షాపులు వచ్చినాక మా కొట్టంలో చెక్కపని తగ్గిపోయింది. ఈ పని కుదిరితే కొట్టం నిలబడతాది. కుదరకపోతే "బాబావలి ఉడ్ వర్క్స్" అనే బోర్డు దింపేయాల. ఆ బోర్డు మీద ఉండేది నా మొగుడి పేరు. ఆయన పోయి తొమ్మిదేండ్లు.

పోయిన నెల ఆ కేశవ మా ఇంటికి టీకి వచ్చినాడు. "నీ గోడలు వంకరగా ఉండాయంట గదప్పా, కబోర్డు ఎట్ల ఆనుకుంటాది?" అని ఒక్క మాట అడిగినా. సగం టీ వదిలేసి లేచిపోయినాడు. బతిమాలి మళ్ళీ తెచ్చుకునేసరికి మావాడికి మూడు వారాలు పట్టింది.

నిన్న అతావుల్లా నా గడ్డం పట్టుకున్నాడు. "అమ్మా, నలభై దినాలు. ఆర్డరు ఖాయమయ్యేదాకా కబోర్డుల గురించి నోరెత్తొద్దు."

సరే అన్నా. మా పీరు కుళ్ళాయిస్వామి మీద ఒట్టు. తప్పినప్పుడల్లా దర్గా కాడ పావు కిలో చక్కెర మీద చదివింపులు చేయించి వీధి పిల్లోళ్ళకు పంచాల.

కానీ మూసుకున్న నోట్లో మాటలు యాడికి పోతాయి? ఈ బుక్కులోకి పోతాయి. బుక్కు లెక్కలోకి రాదు.

నియమాలు. నాజియా, నంబర్లు వేయి.
1. కబోర్డు అనే మాట అతావుల్లాతో అనకూడదు.
2. కేశవ వస్తే నేను లోపలికి పోవాల.
3. చైనా ఫోను వస్తే మేకకు మేత వేయను పోవాల.

ఇది డెబ్బై ఒక్కేండ్ల నోరు. నలభై దినాలు మూయలేనా?

ఏప్రిల్ 14, సోమవారం. రెండో దినం.

మాట్లాడలేదు. కష్టమేమీ లేదు. అతావుల్లా సంగట్లోకి చెనిక్కాయల ఊరిబిండి రెండుసార్లు వేయించుకున్నాడు. నేను మాట్లాడకపోతే వాడికి ఆకలైతాదని ఇన్నేండ్లకు తెలిసింది.

ఏప్రిల్ 16, బుధవారం. నాలుగో దినం.

ఫోన్లో బొమ్మలు చూపించి "ఎట్లుండాయమ్మా?" అన్నాడు. చూడండి న్యాయం. ఒట్టు పెట్టించుకున్నోడే అడుగుతాండాడు.

కబోర్డులు తెల్లగా ఉండాయి, ఆస్పత్రి మాదిరి. మన ఎర్రదుమ్ము గాలి ఒక్క సాయంత్రం ఎత్తుకుంటే ఆ తెలుపు యాడ ఉంటాది? అనలేదు. నవ్వి ఊరుకున్నా.

"నవ్వితే లెక్కలోకి రాదత్తా" అనింది నాజియా. బీకాం చదివిన పిల్ల. అది చెప్పిందంటే అంతే.

ఏప్రిల్ 19, శనివారం. ఏడో దినం. పొద్దున ఎనిమిదిన్నర.

మేకకు మేత వేస్తాంటి. "ఏమ్మా మేకా, తెల్ల కబోర్డు మీద ఎర్రదుమ్ము పడితే ఏమైతాదో నీకన్నా తెలుసా?" అని అడిగినా. అతావుల్లా పక్కనే చెప్పులు తొడుక్కుంటాండాడు. అది నా తప్పా? చెప్పులు తొడుక్కునే జాగా మేక పక్కన యాల పెట్టుకున్నాడు?

"అమ్మా" అన్నాడు.

"నిన్ను అనలేదప్పా. మేకతో మాట్లాడుకుంటాండా."

"మేక కట్టించిందా అరవై ఇండ్లు?"

నాజియా తీర్పు: సగం తప్పు. అయితే సగం చక్కెర తెస్తానంటే దర్గా కాడ చదివింపులు చేసే ముజావరు ఒప్పుకోలేదు. పావు కిలో పోయింది. పిల్లోళ్ళు చేతులు నాక్కుంటా "అవ్వా, రేపు కూడా మాట్లాడతావా?" అని అడిగినారు.

ఏప్రిల్ 23, బుధవారం. పదకొండో దినం.

శాంపిలు వచ్చింది. చైనా నుంచి బెంగుళూరు దాకా ఇమానంలో, ఆడ్నుంచి ఈడికి వ్యానులో. ఒకే కబోర్డు, వంటగట్టు కింద పెట్టేది. మా వంటింట్లోనే పెట్టినాడు. తలుపు వదిలేస్తే చప్పుడు లేకుండా దానంతట అదే మూసుకుంటాది. దొంగలకు పనికొచ్చే తలుపు.

వెనకింటి అంజనమ్మ చూడను వచ్చింది. కేశవ కట్టే అరవై ఇండ్లలో ఒకటి దానిదే. "అబ్బ, ఎంత నున్నగా ఉండాదక్కా" అని చీర కొంగుతో తుడిచింది.

నాలుగు దినాలకు ఈ పొద్దు కొళాయి వచ్చింది. పద్దెనిమిది బిందెలు పట్టినాం. వంటింట్లో కాలు పెట్టే సందు లేదు. అప్పుడు నా చూపు బిందె మీద పడింది. బిందె మీద నుంచి కబోర్డు మీద పడింది.

ఎవరూ లేనప్పుడు ఒక ఖాళీ బిందె తీసుకొని లోపలికి తోసినా. నడుము కాడ తగులుకుంది. పోలేదు. పక్కకు పడుకోబెట్టినా పోలేదు. నడిమధ్య అడ్డచెక్క.

అతావుల్లా గ్యాసు సిలిండరు కొలిచినాడు. మిక్సీ కొలిచినాడు. కుక్కరును విజిలుతో సహా కొలిచినాడు. బిందె కొలవలేదు. యాల కొలుస్తాడు? పుట్టి నలభై నాలుగేండ్లలో ఒక్క బిందె ఎత్తినాడా? నీళ్ళు వచ్చేటప్పుడు కొట్టంలో ఉంటాడు. ఇంటికొచ్చేసరికి బిందెలు వరుసగా నిండి ఉంటాయి. వాటంతట అవే నిండుతాయని అనుకున్నాడేమో.

మొగపిల్లోడు నీళ్ళు మోస్తాడా అని చిన్నప్పుడు నేనే ఆపినా. ఇది కూడా రాసినావా మే నాజియా? సరే, ఉండనీ.

ఏప్రిల్ 24, గురువారం. పన్నెండో దినం.

నోరెత్తలేదు. కొత్త ఇండ్లు గదా, ఆడ నీళ్ళు రోజూ వస్తాయేమో, బిందెలతో పని ఉండదేమో అని మనసుకు సర్దిచెప్పుకున్నా. అంజనమ్మను అడిగినా. అంజనమ్మతో మాట్లాడితే తప్పు లేదు, నియమాల్లో దాని పేరు లేదు.

"ఇంటింటికీ నాలుగు కొళాయిలు పెట్టినాడక్కా కేశవ" అనింది.

"నీళ్ళు?"

"నీళ్ళు ఈడ మాదిరే. నాలుగు దినాలకు."

పోయిన ఏడు ఈ అంజనమ్మే తన వంటింట్లో బిందెల మధ్య జారి ముంజేయి విరగ్గొట్టుకుంది. "కొత్తింట్లో బిందెలన్నీ కబోర్డు లోపల పెట్టేస్తా, నేలంతా ఖాళీ" అని చెయ్యి ఊపి చూపించింది. ఆ చెయ్యి ఇంగా వంకరగానే ఉండాది.

నేను దాని మొగం చూడలేకపోయినా.

ఏప్రిల్ 26, శనివారం. పద్నాలుగో దినం.

మాట్లాడొద్దు అన్నాడు గానీ బిందె పెట్టొద్దు అనలేదు గదా. మూడు దినాల నుంచి పొద్దున్నే కబోర్డు ముందర ఒక బిందె పెడతాండా. మొదటి దినం కాలితో పక్కకు జరిపినాడు. రెండో దినం "ఎవరిది ఇది దోవలో?" అన్నాడు. ఈ పొద్దు దాని మీద తువ్వాలు ఆరేసినాడు.

"నేను చెప్పేదా అత్తా?" అనింది నాజియా.

"నువ్వు చెప్తే నేను చెప్పించినట్టే."

"నిన్ననే చెప్పేసినా అత్తా. బిందెలు బయట పెట్టుకుంటారులే అన్నాడు."

బయట పెట్టుకుంటారంట. బయట కుక్క మూతి పెట్టదా?

సోమవారం పదకొండు గంటలకు చైనా ఫోను. ఆ పొద్దు సరే అంటే అరవై ఇండ్లకు ఇదే కొలత. నేను మేకకు మేత వేయను పోతా. పోవాల. పోతా.

ఏప్రిల్ 28, సోమవారం. పదహారో దినం. మధ్యాహ్నం పన్నెండున్నర.

పోలేదు.

జరిగింది జరిగినట్టు రాయి. ఫోను బల్ల మీద నిలబెట్టినారు. అతావుల్లా ఒక పక్క, టీ గ్లాసు పట్టుకొని కేశవ ఒక పక్క. తెర మీద ఫ్యాక్టరీ ఆడమనిషి, పేరు లిన్. మనం మాట్లాడితే ఫోనే వాళ్ళ భాషలో చెప్తాది, ఆమె మాట్లాడితే తెలుగులో చెప్తాది. "కొలతలన్నీ సరిపోయినాయా, పని మొదలుపెట్టేదా?" అని అడిగింది. అతావుల్లా నోరు తెరిచినాడు. వాడి నోట్లోంచి మాట రాకముందే నేను బిందె చంకన పెట్టుకొని పోయి మధ్యలో నిలబడినా.

"ఏమ్మా లిన్, మీ ఇంట్లో నీళ్ళు యాడ పెట్టుకుంటారు?"

ఆమె కండ్లు ఆర్పింది. "కొళాయిలో ఉంటాయి" అని చెప్పింది ఫోను.

"మా కొళాయిలో నాలుగు దినాలకు ఒకసారి ఉంటాయి. మిగతా మూడు దినాలు దీంట్లో ఉంటాయి." బిందె కబోర్డులోకి తోసి చూపించినా. ఠంగుమని తగులుకుంది. ఆ చప్పుడుకు ఫోను అవసరం లేదు, ఆమెకు అర్థమైంది.

"అమ్మా, ఒట్టు" అన్నాడు అతావుల్లా.

"ఒట్టు చక్కెరతో తీరుతాది. అరవై మంది ఆడోళ్ళ శాపం దేంతో తీరుతాది రా?"

కేశవ లేచి నిలబడినాడు. చేతిలో సగం టీ. అయిపోయింది, బోర్డు దిగింది అనుకున్నా. ఆయన టీ కింద పెట్టి బిందె కాడికి వచ్చినాడు. "ఎంత వెడల్పు ఉంటాది పెద్దమ్మా ఇది?" అన్నాడు.

నేనే కొలత చూపించినా. రెండు చేతులు బిందెకు అటూ ఇటూ ఆనించి "ఇంత", పైన ఒక చెయ్యి పెట్టి "ఇంత". కేశవ టేపు పట్టినాడు. లిన్ రాసుకుంది, వేరే శాంపిలు పంపిస్తానంది. అతావుల్లా ఫోను ఆపి కొట్టానికి పోయినాడు. కోపమో ఏమో తెలీలేదు.

మాట మాటకూ పావు కిలో అంటే బస్తా కావాల. ముజావరుతో మాట్లాడి అయిదు కిలోలకు ఒప్పించినా. వీధి పిల్లోళ్ళకు పండగ.

మే 3, శనివారం.

ఎన్నో దినమో రాయొద్దు. తెగిన ఒట్టుకు లెక్కలెందుకు?

చక్కెర కూడా నిలిపేసినా. పిల్లోళ్ళ పండ్లు పుచ్చిపోతే పాపం నాకే.

నాజియా ఫోను నుంచి లిన్‌తో రోజూ మాట్లాడతాండా. ఈ వారం సరిచేసినవి:
తెలుపు తీసేసి ఎర్రమట్టి రంగు. దుమ్ము పడినా కనపడదు.
సంగటి తెడ్డు పట్టేటట్టు పొడుగు సొరుగు.
చప్పుడు చేసే తలుపు. పిల్లి దూరితే తెలియాల.

"అమ్మా, ఇంగ బోర్డు మీద నీ పేరు రాయించేదా?" అన్నాడు అతావుల్లా.

"రాయించప్పా. నేనెట్లాగూ చదవలేను, గర్వం రాదు" అన్నా.

మే 15, గురువారం. సాయంత్రం నాలుగు.

కొత్త శాంపిలు వచ్చింది. నేనే వీధంతా పిలిచినా. అంజనమ్మను ముందర కూచోబెట్టినా. కేశవ కూడా వచ్చినాడు. నిండు బిందెను నాజియా, నేను చెరో పక్క పట్టుకొని లోపలికి తోసినాం. పక్కల వేలు సందు లేకుండా కూచుంది, అచ్చు పోసినట్టు. అందరూ చప్పట్లు కొట్టినారు. నేను అతావుల్లా దిక్కు చూసినా. చూసినా అంటే, బాగానే చూసినా.

"ఎండకు నోరు ఎండిపోయిందక్కా, దాంట్లోంచే ఒక చెంబు నీళ్ళు ముంచియ్యి" అనింది అంజనమ్మ.

చెంబు తీసుకున్నా. బిందె మూతికీ పైచెక్కకూ మధ్య నాలుగు వేళ్ళు దూరతాయి. చెంబు దూరదు. సరే, బిందె బయటికి లాగుదామంటే నడుముకు అటూ ఇటూ చెక్క, చెయ్యి పోదు. వేళ్ళతో అంచు పట్టి లాగితే నీళ్ళు నా కాళ్ళ మీద పడినాయి.

బిందె కొలత చెప్పినా. చెంబు కొలత, ఎత్తే చేతుల కొలత చెప్పలేదు. యాభై ఏండ్లుగా నీళ్ళు మోసే నేను, నా చేతులనే మర్చిపోయినా.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండు.

అతావుల్లా ఒక్క మాట అనలేదు. స్క్రూలు ఊడదీసి పక్కచెక్క తీసినాడు. వంగి, నిండు బిందెను రెండు చేతులతో ఎత్తినాడు. రెండడుగులు వేసి కింద పెట్టి, నడుము పట్టుకొని నిలబడినాడు. బిందె దిక్కు చూసినాడు. మూలన వరుసగా ఉండే పదిహేడింటి దిక్కు చూసినాడు.

"ఇన్నేండ్లూ ఇవన్నీ మీరిద్దరే మోస్తాండారా అమ్మా?"

నాజియా నేల మీద ఒలికిన నీళ్ళు తుడవను వంగింది.

టేపు తీసినాడు. "చెంబు పట్టుకో అమ్మా. ముంచు. అట్లే పట్టుకో." నా మోచేయి కాడ ఒకసారి, చెంబు పైన ఒకసారి కొలిచినాడు. లిన్‌కు పంపే కాగితంలో రాసుకున్నాడు. ఏం రాసినాడని నాజియాను అడిగినా. "అమ్మ చెయ్యి, ఎనిమిది అంగుళాలు" అని ఉండాదంట.

మే 16, శుక్రవారం. పొద్దున ఆరు. ఒకటో దినం.

కేశవ శ్రావణం దాకా ఆగుతానన్నాడు. లిన్ ఇంగొక శాంపిలు పంపిస్తాది. అది సరిపోతే ఆర్డరు ఖాయం.

నలభై దినాలు మళ్ళీ మొదలు. ఈసారి వాడు అడగలేదు, నేనే పెట్టుకున్నా. నోరు మూసుకోవడం ఎట్లనో నిన్న వాడి కాడ చూసినా. చూసింది చెయ్యలేనా?

కొళాయి వచ్చింది. కొట్టం ఇంగా తెరవలేదు. అతావుల్లా బిందెలు మోస్తాండాడు. దోవ పొడుగునా నీళ్ళు ఒలకబోస్తాండాడు. నేను ఏమీ అనలేదు.

నియమాలు. నాజియా, రాయి.
1. కబోర్డు అనే మాట అనకూడదు.
2. లిన్ నంబరు నాజియా ఫోన్లోంచి తీసేయాల.
3. మేకను అంజనమ్మ ఇంటి కాడ కట్టేయాల. కట్టేసి వచ్చినా.