మూడు దెబ్బలు వినపడకపోతే

జూలై 24, 1969

బొగ్గుబాయి మేనేజర్ గారికి,

మంగళవారం మొదటి షిఫ్టులో బొగ్గు నింపిన టబ్బులు లాగే ఇనుప తాడు నలభై నిమిషాలు ఎందుకు ఆపించానో సంజాయిషీ అడిగారు. రాస్తున్నాను. ఇందులో క్షమాపణ మాత్రం వెతకకండి.

బాయి లోపల ఫోను లేదు. బొగ్గు కొట్టే అంకయ్య అరగంటకోసారి నీళ్ల పైపు మీద సుత్తితో మూడు దెబ్బలు కొడితే, పైన సిగ్నల్ ఘంట దగ్గరున్న నాకు క్షేమమని తెలుస్తుంది. ఆ రోజు గంట దాటినా దెబ్బ వినపడలేదు. తాడు నడుస్తుంటే ఆ దారిన మనిషి పోకూడదు. అందుకే ఘంట కొట్టి తాడు ఆపించి లోపలికి ఉరికాను.

వెళ్లి చూస్తే అంకయ్య తోటివాడితో వాదులాడుతున్నాడు. "చందమామ మీద నిలబడ్డోడు మాట్లాడితే గీడ ఇనబడుతదా? ఉత్త ముచ్చట!" సుత్తి పక్కనే ఉంది. నన్ను చూసి, "ఏమైందిరా, గట్ల ఉరికొచ్చినవ్?" అన్నాడు.

"ఎవరికీ ఏమీ కాలేదు, పని ఊరికే ఆగింది" అని మీ నోటీసులో ఉంది. అంటే అంకయ్య బతికుండటమే నా నేరమైంది.

చంద్రుడి మీది మనిషి గొంతు సెకనున్నర లోపే భూమికి చేరుతుందని మంచిర్యాల నుంచి తెచ్చిన మన క్యాంటీన్ రేడియోలోనే విన్నాం. ఆయన కాసేపు పలకకపోతే లోకమంతా ఊపిరి బిగబట్టేది. మావాడు మన కాళ్ల కిందే ఉండి గంటసేపు పలకలేదు. నేను తాడు ఆపించాను.

లోపలికి ఒక ఫోను వేయించండి. వేయించేదాకా, మూడు దెబ్బలు వినపడని ప్రతిసారీ ఆపిస్తాను. ఇలాంటి నోటీసులు ఇంకో పది ముందే టైపు చేయించి పెట్టుకోండి.

పైపుకు చెవి ఆనించి,
మీ ఘంట కొట్టేవాడు