మంచం కింది సీసా

బాపూ,

తమ్ముని ఆపరేషన్ సంగతి అడుగుదామని కరీంనగర్ పోతున్న. తెలంగాణ సమ్మెతోని బస్సులు బంద్, దొరికిన బండెక్కుత. నువ్వు సాంచెల మీద బట్ట నేసేటోళ్ల దీక్షా శిబిరం నుంచి రాంగనే ఇంత తిని దవాఖానకు పో. తమ్ముని రొమ్ముకు పెట్టిన పైపు సీసా మంచం కిందనే ఉండాలె. నిన్నటి లెక్క సెలైన్ అనుకొని పైన మొలకు తగిలెయ్యకు, సీసల నీళ్లు పైపుల నుంచి రొమ్ము లోపలికి పోతయట.

పోరడు సిరిసిల్ల చౌరస్తల జై తెలంగాణ అనుకుంట కూలవడితె, నరం పట్టిందని నూనె రాసుకుంట కూసున్నవ్. ఊపిరితిత్తి ముడుసుకపోయిందట. గిది రెండోసారి. డాక్టర్ ఆశ చెప్తలేడు.

శ్రీవాణి

సీసల బుడగలు ఆగితేనే ఊపిరితిత్తికి పడ్డ చిల్లు మూసుకున్నట్టు. ఆగుతలెవ్వు. అమ్మ మాత్రం గవి చూసి "నా కొడుకు ఊపిరి మంచిగ ఆడుతుంది" అని మురుస్తుంది. నువ్వు గూడ గట్లనే అను.