కార్డు మీద ‘లేరు’

నా కోపాన్ని ఓపిగ్గా భరించే ఏకైక మనిషివైన అక్కకి,

నువ్వు ఈ ఉత్తరాన్ని కూర్చుని చదువు. నేను మాత్రం నిలబడే రాస్తున్నాను. ఒళ్ళు మండిపోతుంటే కుర్చీలో కుదురుగా కూర్చోవడం నావల్ల కాదని నీకు తెలుసుగా.

మా వాడ సేవాకేంద్రం గురించి ఇదివరకే రాశాను. రెండు గదులు, నాలుగు బీరువాలు, ముందు గదిలో బల్లల మీద ఎప్పుడూ జనం. మంచం దిగలేనివాళ్ళకి, ఒంటరివాళ్ళకి మధ్యాహ్నం భోజనం క్యారేజీ పంపుతాం, మందులు తెచ్చిపెడతాం. పదిహేను రోజులకోసారి మాలో ఒకరం ఇంటికెళ్ళి, ఎలా ఉన్నారో చూసి, కార్డు మీద ఒక ముక్క రాసి వస్తాం. ఆ కార్డులన్నీ చూసేది పిన్ని. మనకేం చుట్టం కాదు, ఆఫీసంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. ఆవిడ ఏ కార్డు తీసి ఏ పెట్టెలో పడేస్తే ఆ మనిషి గతి అంతే.

మొన్న నా కట్టలో దర్జీ తాత కార్డు కనపడలేదు. తుంటి విరిగి వాకరు పట్టుకుని నడిచే ముసలాయన, మూడో అంతస్తులో ఒక్కడే ఉంటాడు. “తాత కార్డేది పిన్నీ?” అని అడిగాను. “ఆయన లేరుగా” అంది, కాగితాలకి దారం కట్టుకుంటూ, తలైనా ఎత్తకుండా. పరుగున వెళ్ళి మూడంతస్తులూ ఎక్కి తలుపు దబదబా బాదాను. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఎదురుగా తాత, సగానికి సగం చిక్కిపోయి!

పదకొండు రోజులుగా క్యారేజీ రావడం లేదట. కింది దుకాణంవాడు సంచిలో బ్రెడ్డు పెడితే, తాడు కట్టి కిటికీలోంచి పైకి లాక్కుని తింటున్నాడు. “ఒక్క ఫోను చెయ్యొచ్చు కదా తాతా!” అని అరిచాను. అరిచాను అక్కా, ఆకలితో ఉన్న మనిషి మీద. “ఆ ముందు రోజే కూరలో ఉప్పు లేదని క్యారేజీ తెచ్చే వ్యాను డ్రైవరుతో అన్నానమ్మా. కోపమొచ్చి మానేశారనుకున్నా. మళ్ళీ మళ్ళీ అడిగితే ఏం బాగుంటుందీ?” అన్నాడు.

ఏం జరిగిందో విను. కార్డు మీద ‘లేరు’ అని ఉంది. తలుపు కొడితే పలకలేదు, ఇంట్లో లేరు అని దానర్థం. పిన్ని దాన్ని మనిషే లేరని చదివింది. కార్డు, మూసేసిన కార్డుల పెట్టెలోకి పోయింది, క్యారేజీ ఇంకొకరికి పోయింది. బతికున్న మనిషిని నిక్షేపంగా చంపేసి దారం చుట్టి పెట్టారు! ఇంట్లో లేకపోవడానికీ లోకంలో లేకపోవడానికీ తేడా తెలియనావిడకి ఆ కుర్చీ ఎందుకు? మేనేజరు గదిలోకెళ్ళి ఆ మాటే అడిగాను. “పొరపాట్లు జరుగుతుంటాయమ్మా” అని నసిగాడు. నేను వదల్లేదు. చివరికి దారికొచ్చాడు. వచ్చే నెల మీటింగులో అందరి ముందూ చెప్పి ఆవిణ్ణి పంపించేస్తానన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోందట. చెయ్యనీ. నాకేం జాలి లేదు.

ఉడికిపోతూ,
నీ చిటపట


అక్కా,

నీ జవాబు అందింది. ఉత్తరమా అది? “అందర్నీ దులిపేశావు, బాగుంది. ఆ ‘లేరు’ రాసిందెవరో చెప్పలేదేం?” అంతే! క్షేమమా అని కూడా అడగలేదు. మూడు రోజులు నీ మీద పళ్ళు నూరుకున్నాను. చిన్నప్పటి నుంచీ నీకిదే పని, నేను ఎక్కడ దాస్తే సరిగ్గా అక్కడే చెయ్యి పెడతావు.

నేనే రాశాను. నీకు మొదటి ఉత్తరం రాసేటప్పటికే ఆ సంగతి నాకు తెలుసు. పిన్ని పెట్టెలోంచి కార్డు తీసి చూపించగానే గుర్తుపట్టాను, గుర్తుపట్టి ఇంకా గట్టిగా అరిచాను. ఆ రోజు తాతది పదమూడో ఇల్లు. మోకాళ్ళు పీకుతున్నాయి. వాకరుతో నడిచేవాళ్ళ తలుపు కొడితే వంద లెక్కపెట్టేదాకా కదలకూడదని మాకు నియమం. నేను ఇరవై కూడా లెక్కపెట్టలేదు. లోపల వాకరు ఈడ్చిన చప్పుడు వినపడిందో లేదో ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను. ‘ఇంట్లో’ అని రాయడానికి బద్ధకించి, మెట్ల మీదే కార్డుని గోడకి ఆనించి, ఆ రెండక్షరాలూ గీకేసి దిగిపోయాను. పైగా ఆ తర్వాత పిన్ని ఉద్యోగం ఊడగొట్టడానికి బయల్దేరాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

నిన్న మీటింగు జరిగింది. మేనేజరు గొంతు సవరించుకునేలోపే లేచి చెప్పేశాను. పిన్ని నావైపు తిరిగి, “నీ రాత నాకు తెలీదటే? ‘రు’కి కొమ్ము వాకిలి దాకా లాగుతావు. నువ్వే నోరు విప్పుతావేమో అని ఇన్నాళ్ళూ చూశాను. విప్పకపోతే, నీ మొహాన కార్డు విసిరి వెళ్ళిపోదామనుకున్నాను” అంది. ఎంత కోపంగా ఉందో! క్షమించమన్నాను. “నాకెందుకు? ఆయనకి చెప్పు. నేనూ వస్తాను, ఆ కార్డు మూసింది నేను” అంది. మేనేజరుకి మాత్రం భలే హాయిగా ఉంది. కార్డులో గడి చిన్నదవడం వల్లే ఇదంతా అని తేల్చి, ఎవరినీ పంపించెయ్యకుండా, గడి పెద్దది చేయమని హుకుం జారీచేశాడు.

ఇద్దరం తాత దగ్గరికి వెళ్ళాం. క్యారేజీ మళ్ళీ వస్తోంది కాబట్టి కాస్త కోలుకున్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పిన్ని తన వంతు చెప్పింది. ఉప్పు గొడవేం లేదని, ఎవరూ కోపం తెచ్చుకోలేదని ఇద్దరం పోటీపడి చెప్పాం. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా.

“అయితే నేను పోయాననుకున్నారన్నమాట” అన్నాడు.

“అవునండీ. నేనే అనుకున్నాను, ఈ అమ్మాయి కాదు” అంది పిన్ని.

ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “నలభయ్యేళ్ళు ఈ వీధివాళ్ళందరికీ బట్టలు కుట్టాను. పోయానని తెలిశాక, కడసారి చూడ్డానికి మీ ఆఫీసు నుంచి ఒక్కరన్నా రాలేదేం తల్లీ?” అని అడిగాడు.

ఆయన జవాబు కోసం చూస్తూ అలాగే కూర్చున్నాడు.

నీ చెల్లెలు