ప్రీతి పుస్తకం కోసం

ఏమండీ,

అన్నం, పప్పు వండి పెట్టాను. అత్తయ్యకు మాత్ర భోజనం తర్వాతే ఇవ్వండి. నేను పుంగనూరు వెళ్తున్నాను.

"పోయిన బిడ్డ సామాన్లు ఇంట్లో యాల పెట్టుకుంటారప్పా?" అని అత్తయ్య అన్నందుకు, మీరు ప్రీతి కథల పుస్తకాన్ని కూడా పుంగనూరు అంగడి యాకూబ్‌కు పాతపేపర్లలో వేసేశారు. ఆవిరితో నడిచే విమానంలో గూఢచారి విద్య నేర్పే ఆడపిల్లల బడి కథ అది. మదనపల్లె ఆసుపత్రిలో రోజూ చదివి వినిపించాను. చివరి అధ్యాయం మిగిలిపోయింది. "అమ్మా, ఆ పిల్ల దొరికిపోతాదా?" అని అడిగింది. రేపు చదువుదామన్నాను.

యాకూబ్ అంగట్లో దాన్ని పొట్లాలకు చించకముందే తెచ్చుకోవాలి.

దొరికితే ఆ అధ్యాయం ప్రీతి మంచం దగ్గర కూర్చుని పైకి చదువుతాను. ఆసుపత్రిలో మీరు ఒక్కరోజూ కూర్చోలేదు. ఈసారి కూర్చోండి.