మోచేతి కింది వయొలెట్

అక్కా,

కూర్చుని చదువు, పడిపోతావు! మేం వెతుకుతున్న అడవి వయొలెట్ పువ్వు దొరికింది. సెలయేటి పక్కన, ఎండ తగలని నాచురాళ్ల సందులో, ఆకుల కింద తల దాచుకుని ఉంది. అందుకే నేనూ, నోరు విప్పడని నువ్వు ‘ముంగి’ అని పేరుపెట్టిన మా మొక్కల సర్వే ఆఫీసతనూ బురదలో బోర్లా పడుకుని వెతికాం.

ఉన్నట్టుండి అతను నా చెయ్యి పట్టుకుని, “కదలకండి, ప్లీజ్” అన్నాడు. ఇక పెళ్లి మాటే ఎత్తుతాడనుకుని, “మా అమ్మతో మాట్లాడండి” అనేశాను! తీరా చూస్తే నా మోచేతి కింద ఊదారంగు పువ్వు. సిగ్గుతో చచ్చాననుకో.

ముంగి పువ్వుకేసి చూశాడు, నాకేసి చూశాడు. “ఎప్పుడు రమ్మంటారు?” అన్నాడు.

అమ్మకు నువ్వే చెప్పు. పెళ్లికి ఒక్క పువ్వూ కోయనివ్వడట. కావాలంటే చుట్టాలంతా ఇక్కడికే వచ్చి, బోర్లా పడుకుని చూడాలట. మామయ్యను ఇప్పట్నుంచే బొజ్జ తగ్గించుకోమను!

ఇంకా బురద కడుక్కోని
నీ చెల్లెలు