తాయారమ్మగారు ఇచ్చిన పొట్లం

ముత్తియాల్‌పేట, పాండిచ్చేరి
12-8-79

అక్కయ్యకు వకుళ నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను.

సంగీతంలో బి.ఏ. చదివి ఏం చేస్తావని నాన్న అడిగేవారుగా. బడిలో ప్రార్థన పాడిస్తున్నాను, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి పాఠం చెబుతున్నానని చెప్పు. పిల్లలు కీర్తనలు తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. రోజంతా చుట్టూ తెలుగే పాడతారు, తెలుగులో పలకరించేది మాత్రం నేను అద్దెకున్న ఇంటివారు తాయారమ్మగారొక్కరే. ఆమెకు మన అక్షరాలు రావు. "ఊరి నించి కార్డు వచ్చెనా? ఏంది రాసినారు?" అని రోజూ అడుగుతారు. నెలన్నరగా మీ ఉత్తరం లేదని చెప్పటానికి మొహం చెల్లక, నిన్న పాత కార్డే కొత్తదన్నట్టు చదివాను.

"మీ నాయనకు దగ్గు ఇంకా పోలేదా? పోయినసారీ ఇదే కదమ్మా చదివితివి" అన్నారు. ఇవాళ పొద్దున్నే, దగ్గుకు మంచిదని ఎండిన అడ్డసరం ఆకు పొట్లం కట్టి, పోస్టులో పంపమని ఇచ్చారు. అది నా బల్ల మీదే ఉంది.

అటక మీది పెట్టెలో నా స్వరాల నోటుబుక్కు ఉంది, పంపించు. నాతో చదివిన సుగుణ రేడియోలో పాడటానికి పెట్టే పరీక్ష నెగ్గిందా? అమ్మకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నాన్న దగ్గు తగ్గిందా? తగ్గితే ఆ ఒక్క ముక్కైనా రాయి. తాయారమ్మగారికి చదివి వినిపించాలి.

వకుళ